జనవరిలో వడగళ్లు

మాది వడగళ్ల బీమా కంపెనీ. పంట మీద వడగళ్లు పడితే రైతు ఫోను చేస్తాడు. మేం వెళ్లి మొక్కజొన్న చేలో నడుం వంచి, ఎన్ని మొక్కలు విరిగాయో, ఎన్ని ఆకులు చీలికలయ్యాయో చూసి రాసుకొస్తాం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా తల గోక్కునే తీరిక ఉండదు. జనవరిలో మాత్రం మాకు పని లేదు. మిన్నెసోటాలో జనవరిలో వడగళ్లు పడవు. ఒకవేళ పడ్డా పాడుచెయ్యడానికి పంట ఉండదు, చేలన్నీ మంచు కిందే ఉంటాయి.

ఇరవై ఆరేళ్ల క్రితం నేను చేరినప్పుడు ఈ సంగతి కంపెనీకి కూడా తెలుసు. వేసవిలో ఎద్దుల్లా పని చేయించుకుని, చలికాలం మా మానాన మమ్మల్ని వదిలేసేవాళ్లు. వారానికోసారి ఆఫీసుకి ఫోను చేసి "మార్లిస్‌ని, బతికే ఉన్నాను" అంటే సరిపోయేది. ఆ తర్వాత ఫోన్లు జేబుల్లోకి వచ్చాయి, వాటి వెనకే పచ్చ చుక్క వచ్చింది.

ఈ చుక్క తెర మీద మన పేరు పక్కన ఉంటుంది. మనం ఫోను ముందు ఉన్నంతసేపూ పచ్చగా వెలుగుతుంది, అయిదు నిమిషాలు కదలకపోతే పసుపుపచ్చకు తిరుగుతుంది. పని ఉందా లేదా అని ఎవరూ అడగరు, చుక్క ఏ రంగులో ఉందని అడుగుతారు. చుక్కను పచ్చగా ఉంచడానికి ఏదో ఒకటి చెయ్యాలి కదా, అందుకని చలికాలం సమావేశాలు పుట్టాయి. రాబోయే వేసవికి ఎలా సిద్ధపడాలో ఒక సమావేశం, ఆ సమావేశానికి ఎలా సిద్ధపడాలో ఇంకొక సమావేశం. దూర సందు లేదు, మెడకో డోలు అన్నట్టు తయారైంది మా పరిస్థితి.

ఆరు నెలల క్రితం మా శాఖకు నోయెమీ అనే అమ్మాయి మేనేజరుగా వచ్చింది. అరిజోనా ఎడారిలో పుట్టి పెరిగిన పిల్ల, ముప్పై నాలుగేళ్లు ఉంటాయి. మిన్నియాపొలిస్‌లో హెడ్డాఫీసు ముప్పై ఒకటో అంతస్తులో కూర్చుంటుంది. వచ్చిన వారానికే రూలు పెట్టింది. ఎవరు ఏ సందేశం పంపినా రెండు నిమిషాల్లో జవాబివ్వాలి. మూడుసార్లు తప్పితే ఇంటి దగ్గర పని బంద్, హెడ్డాఫీసుకి వచ్చి ఆమె కళ్లెదుట కూర్చోవాలి.

జనవరి మూడో వారానికి నావి రెండు అయిపోయాయి. మొదటిసారి స్నానం చేస్తున్నాను. రెండోసారి మా వీధి చివరి ఎల్వుడ్ ముసలాయన అంత్యక్రియలు. చర్చి కింది హాల్లో రెండు చేతుల్లో హామ్ సాండ్‌విచ్‌ల పళ్లాలు పట్టుకుని ఉన్నాను, జేబులో ఫోను గుర్రుమంటోంది. పోయినాయన తొందర పెట్టలేదు, ఆఫీసు పెట్టింది.

మూడోది తప్పితే ఫిబ్రవరి ఒకటి నుంచి నేను మిన్నియాపొలిస్‌లో ఉండాలి. మా ఊరి నుంచి నాలుగు గంటల దారి, రోజూ వెళ్లిరావడం కుదరదు. ఇల్లు అమ్ముకుని ఏ అపార్టుమెంట్లోనో ఒక గదిలో పడి ఉండాలి. నాకు భయం వేసింది. యాభై తొమ్మిదేళ్లు వచ్చాయి, ఈ సరస్సు ఒడ్డు తప్ప నాకు ఇంకేదీ ఇల్లు కాదు. మా ఆయన పోయాడు. అంటే చచ్చిపోలేదు, ఎండ కావాలని ఫ్లోరిడా పోయాడు. విడాకుల్లో పడవ ఆయనకు వెళ్లింది, చేపల గుడిసె నాకు వచ్చింది.

చేపల గుడిసె అంటే పెద్దదేం కాదు. ఆరడుగులకు ఎనిమిదడుగులు, ప్లైవుడ్ గోడలు, పాత స్కూలు బస్సులోంచి పీకిన సీటు, గ్యాసు హీటరు, నేలలో రెండు కన్నాలు. డిసెంబరులో సరస్సు గడ్డకట్టగానే ట్రక్కుతో లాక్కెళ్లి మంచు మీద నిలబెడతాను. కింద మంచుకు కన్నం పెట్టి గాలం వదిలితే వాలై చేపలు పడతాయి. పడకపోయినా ఫరవాలేదు. గురువారం పొద్దున్న అక్కడ కూర్చుంటే నేను ఎవరికీ ఏమీ బాకీ లేనట్టు ఉంటుంది.

అయితే గురువారం పొద్దున్నే తొమ్మిదింటికి మా శాఖ సమావేశం. దానికీ ఉపాయం కనిపెట్టాను. రెండేళ్ల క్రితం ఒడ్డున కొత్త టవరు వేశాక సరస్సు మీద ఫోను బ్రహ్మాండంగా అందుతుంది. మా వంటింటి ఫొటో ఒకటి తీసి, ఫోనులో నా వెనక అది కనబడేలా పెట్టుకున్నాను. చూసేవాళ్లకు నేను స్టవ్ పక్కన బుద్ధిగా కూర్చున్నట్టే ఉంటుంది.

ఆ గురువారం పొద్దున్న చలి సున్నాకు ఇరవై డిగ్రీలు కింద ఉంది. గాలం వదిలి, థర్మాసులో కాఫీ వంచుకుని, ఫోను తెరిచేసరికి డెల్మర్ అప్పటికే తెర మీద ఉన్నాడు. డెల్మర్ నాతోపాటు చేరినవాడు, మా పక్క ఊరు. పొలంలో వడగళ్ల దెబ్బకూ పురుగు దెబ్బకూ తేడా కారులోంచే చెప్పగలడు. నోరు మాత్రం ఊరుకోదు.

"మార్లిసూ, మీ వంటింట్లో గడియారం ఆగిపోయిందే తల్లీ! పోయిన వారమూ పదింబావే, ఇవాళా పదింబావే."

"బ్యాటరీ అయిపోయింది."

"క్రిస్మస్ నుంచీనా?"

"నా గడియారం సంగతి సరే, నీ కిటికీలో చెట్టుకి అన్ని పచ్చటి ఆకులేంటి డెల్మర్? జనవరిలో? ఏం ఎరువేస్తున్నావేంటి?"

డెల్మర్ వెనక్కి తిరిగి చూసుకుని దగ్గాడు. మా ముగ్గురిలో చిన్నది కాయింగ్, ఇరవై ఎనిమిదేళ్ల పిల్ల, లావోస్ నుంచి వచ్చి స్థిరపడ్డ మాంగ్ జాతివాళ్ల అమ్మాయి. దాని వెనకంతా మసక మసగ్గా ఉంటుంది. అది నవ్వాపుకుంటూ, "ఇద్దరూ ఇక ఆపండి, నోయెమీ వస్తోంది" అంది.

నోయెమీ వచ్చింది. వెనక పుస్తకాల అలమర, చెవుల్లో తెల్లటి ఇయర్‌ఫోన్లు, నీలం స్వెట్టరు.

"గుడ్ మార్నింగ్. ఇవాళ మనతో స్టెనర్సన్ గారు కూడా ఉంటారు" అంది.

స్టెనర్సన్ గారు కంపెనీ పెద్దాయన. మా ఎవరికీ మొహం కనబడలేదు, నల్లటి గడిలో పేరు మాత్రం ఉంది. అందరం నిటారుగా కూర్చున్నాం.

డెల్మర్ రిపోర్టు మొదలుపెట్టాడు. రాబోయే వేసవిలో వడగళ్లు పడే అవకాశం ఉందని, పడకపోయే అవకాశం కూడా ఉందని చెబుతున్నాడు. అంతలో నా కాళ్ల కింద సరస్సు ఉరిమింది. దడదడమని మొదలై, దూరంగా అవతలి ఒడ్డు దాకా సాగి ఆగింది. గడ్డకట్టిన సరస్సు ఇంకా గట్టిపడేటప్పుడు చేసే చప్పుడు అది. కొత్తవాళ్లకు గుండె ఆగుతుంది గానీ మాకు లాలిపాట. మొరిగే కుక్క కరవదు, అరిచే మంచు విరగదు. నోరు మెదపని మంచుతోనే భయం.

నా మైకు కట్టేసి ఉంది కాబట్టి నాకేం కంగారు కలగలేదు. అయితే నా కాళ్ల కింద చప్పుడు ఆగిన మరుక్షణం అదే చప్పుడు ఫోనులోంచి వినబడింది, డెల్మర్ గొంతుతో కలిసి.

డెల్మర్ మాట మింగి, "అదీ... మా ఇంటి హీటరు, పాతది" అన్నాడు.

దొంగ వెధవ! నా గడియారాన్ని ఎగతాళి చేసినవాడు ఈ సరస్సు మీదే ఎక్కడో కూర్చున్నాడు. తలుపు తెరిచి వెతికి రెండు దులపాలనిపించింది గానీ చుక్క పసుపుపచ్చకు తిరుగుతుందని కదల్లేదు.

పెద్దాయన ఏమీ అనలేదు. నోయెమీ గొంతు సవరించుకుని, "థాంక్యూ డెల్మర్. ఇప్పుడు మనం రెస్పాన్స్ టైము గురించి..." అంటుండగా రెండోసారి ఉరిమింది. ఈసారి ఇంకా పెద్దది. బస్సు సీటు ఊగింది, థర్మాసు పడిపోయింది. వెంటనే అదే ఉరుము ఫోనులోంచి, నోయెమీ మైకులోంచి వచ్చింది. దాని మీద ఒక కేక.

"అమ్మో! విరిగిపోతోంది! విరిగిపోతోంది!"

పుస్తకాల అలమర మాత్రం ఉన్నచోటే ఉంది. దాని ముందు నోయెమీ లేదు. తర్వాత అలమర బొమ్మ కూడా చెదిరి తెర గిర్రున తిరిగింది, ఒక తలుపు, తెల్లటి వెలుగు, తర్వాత చీకటి. ఫోను జేబులో వేసుకుని పరిగెత్తుతోందన్నమాట.

"నోయెమీ? ఏమైంది?" అన్నాడు పెద్దాయన.

నేను తలుపు తోసుకుని బయటికి వచ్చాను. నూటయాభై గజాల అవతల, రిసార్టువాళ్లు అద్దెకిచ్చే పసుపు గుడిసె తలుపు బార్లా తెరిచి ఉంది. అందులోంచి కోటు లేకుండా, నీలం స్వెట్టరుతో, మా మేనేజరు ఒడ్డువైపు పరిగెడుతోంది. అది చూసి నవ్వొచ్చింది. ఎటు పరిగెడుతోందో చూశాక ఆ నవ్వు ఆగిపోయింది.

ఒడ్డుకు దగ్గరి దారి వాగు వచ్చి కలిసేచోటు మీదుగా పోతుంది. అక్కడ అడుగున నీళ్లు పారుతూ ఉంటాయి, మంచు ఎప్పుడూ పల్చగానే ఉంటుంది, చప్పుడు కూడా చెయ్యదు. పండగ అయిపోయాక పారేసే క్రిస్మస్ చెట్లను మా ఊరివాళ్లు తెచ్చి అక్కడ వరసగా పాతుతారు. వాటిని దాటొద్దని అర్థం. ఈ సంగతి మా ఊళ్లో అయిదేళ్ల పిల్లకు తెలుసు. ఎడారి నుంచి వచ్చిన పిల్లకు ఎలా తెలుస్తుంది? చెట్లున్నాయంటే నేల ఉందనుకుని వాటివైపే పరిగెడుతోంది.

"ఆగు!" అని అరిచాను. గాలి ఎదురు కొడుతోంది, నా మాట నాకే వినబడలేదు. ట్రక్కు తీసేంత సమయం లేదు. చేతిలో ఫోను ఉంది. ఆమె చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నాయి.

నిజం చెబుతాను, ఒక్క క్షణం ఆలోచించాను. మైకు తెరిస్తే పెద్దాయన వింటాడు. వంటింట్లో ఉండాల్సిన మనిషి సరస్సు మీద ఏం చేస్తోందని అడుగుతాడు. మూడో తప్పు, ఫిబ్రవరి ఒకటి, నాలుగు గంటల దారి, అన్నీ ఆ క్షణంలోనే కళ్ల ముందు తిరిగాయి. ఆ క్షణం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మైకు తెరిచాను. "నోయెమీ! నేను మార్లిస్‌ని. ఆగు! ఉన్నచోటే ఆగు!"

నీలం స్వెట్టరు ఆగింది. చెట్లకు పదడుగుల ఇవతల.

"మార్లిస్? మంచు విరుగుతోంది! విన్నారా మీరు?"

"విన్నాను. అది విరగడం కాదమ్మా, గట్టిపడటం. నువ్వు ఇందాక కూర్చున్నచోట ఏనుగుల మందను తోలినా ఏమీ కాదు. నీ ముందు చెట్లున్నాయే, వాటి అవతలే పల్చన. అటు ఒక్క అడుగు కూడా వెయ్యకు."

"మీకెలా తెలుసు ఇక్కడ చెట్లున్నాయని?"

"కనబడుతున్నాయి కాబట్టి."

ఆమె మెల్లగా వెనక్కి తిరిగింది. నేను చెయ్యి ఊపాను. "వచ్చిన అడుగుల్లోనే అడుగేసుకుంటూ నా దగ్గరికి రా. తొందరేం లేదు. మాట్లాడుతూ రా."

సరిగ్గా అప్పుడే నా కుడి చేతివైపు ఎర్ర గుడిసె తలుపు తెరుచుకుని డెల్మర్ తాడు పట్టుకుని బయటికి ఉరికాడు. ఎడమవైపు ఒక గుడారంలోంచి కాయింగ్ వచ్చింది, ఒక చేతిలో కోటు, ఇంకో చేతిలో గాలం అలాగే ఉంది. ముగ్గురం ఒకళ్ల మొహాలొకళ్లం చూసుకున్నాం. అందరం ఒక తాను ముక్కలమే.

"నువ్వు కూడానా?" అన్నాడు డెల్మర్.

"నా వెనకాల మసక ఊరికే పెట్టుకున్నాననుకున్నారా?" అంది కాయింగ్, నోయెమీకి ఎదురుగా కోటు తీసుకుని పరిగెడుతూ.

పది నిమిషాల తర్వాత నలుగురం నా గుడిసెలో ఉన్నాం. నోయెమీని హీటరు పక్కన కూర్చోబెట్టి, మా అత్త కుట్టిన బొంత కప్పి, చేతిలో కాఫీ కప్పు పెట్టాను. ఆమె పళ్లు టకటకలాడుతున్నాయి.

"సెలవు పెడదామనుకున్నాను" అంది. "వచ్చి ఆరు నెలలైంది, ఒక్క రోజు తీసుకోలేదు. పెట్టలేను, నాకు ఒక్క నిమిషం రూలు."

"ఒక్క నిమిషమా?" అంది కాయింగ్.

"మీకు రెండు, మేనేజర్లకు ఒకటి. పైనుంచి వచ్చిన ఆర్డరు. ఫోను దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నాను. ఈ గుడిసెల ప్రకటన చూశాను. సరస్సు మధ్యలో మంచం, పొయ్యి, ఫోను బాగా అందును అని రాశారు. సెలవు అడక్కుండానే సెలవు తీసుకున్నట్టు ఉంటుందని వచ్చాను. సరస్సు అరుస్తుందని మాత్రం అందులో రాయలేదు."

డెల్మర్ నవ్వబోయి నా మొహం చూసి ఆగాడు. ఆరు నెలలుగా ఈ పిల్లను నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. నా మెడకున్న తాడే తన మెడకూ ఉంది, ఇంకా పొట్టిది.

అప్పుడు నా కోటు జేబులోంచి ఒక గొంతు వినబడింది.

"నేనింకా లైన్లోనే ఉన్నాను."

డెల్మర్ టోపీ తీసేశాడు. ఫోను బయటికి తీశాను. నల్లటి గడిలో స్టెనర్సన్ గారి పేరు అలాగే ఉంది.

"మార్లిస్, మీ వంటింట్లో చాలామంది ఉన్నట్టున్నారు" అన్నాడు ఆయన.

తెర మీద చూస్తే నిజమే. మా స్టవ్ పక్కన నాలుగు తలలు, కదిలినప్పుడల్లా సగం తల గోడలో కలిసిపోతోంది. వంటింటి బొమ్మ తీసేశాను. ప్లైవుడ్ గోడ, బస్సు సీటు, మంచులో కన్నం అన్నీ బయటపడ్డాయి.

"గురువారాలు ఇక్కడే ఉంటున్నానండీ" అన్నాను. "చాన్నాళ్లుగా. మిగతావాళ్ల సంగతి నాకు తెలీదు, వాళ్లను అడక్కండి. నన్ను మిన్నియాపొలిస్ పిలిపించుకోవాలంటే పిలిపించుకోండి. కానీ ఒక్క మాట చెప్పనివ్వండి. జనవరిలో వడగళ్లు పడవు. మీ చుట్టూ ఇంతమంది ఉన్నారు, ఈ ముక్క మీకు ఎవరూ చెప్పినట్టు లేదు."

బొంతలోంచి నోయెమీ ముందుకు వంగింది.

"సర్, మూడో తప్పు నేను రాయలేను. అడిగిన దానికి ఎంతసేపట్లో జవాబిచ్చారన్నదే మనం రాసుకుంటాం. ఈమె నేను అడగకముందే ఇచ్చింది. దానికి మన ఫారంలో గడి లేదు."

తర్వాత నల్లటి గడి వెలిగింది. డెబ్బై ఏళ్ల మనిషి, బట్టతల, వెనక పెద్ద గాజు కిటికీ.

"డెల్మర్ హీటరు మోగినప్పుడే తెలిసింది నాకు" అన్నాడు. "మా ఇల్లు కూడా ఇలాంటి సరస్సు ఒడ్డునే ఉండేది. చిన్నప్పుడు రాత్రిళ్లు ఆ చప్పుడు వింటూ నిద్రపోయేవాణ్ని. విని నలభై ఏళ్లయింది. మళ్లీ వినబడుతుందేమోనని ఎవర్నీ ఏమీ అనకుండా కూర్చున్నాను." బట్టతల నిమురుకుని, "ఒక్క నిమిషం రూలు నేను పెట్టిందే. దిండు కింద ఫోను సంగతి తెలీదు" అన్నాడు.

నోయెమీ తల దించుకుంది.

"నవంబరు నుంచి మార్చి దాకా రూలు లేదు. ఒక నిమిషమూ లేదు, రెండు నిమిషాలూ లేదు. మార్లిస్, ఫిబ్రవరి ఒకటిన నువ్వెక్కడికీ రానక్కర్లేదు."

నాకు ఏడుపొచ్చింది. హీటరు పొగ అని చెప్పాను. మా హీటరుకు పొగ రాదని అక్కడున్న అందరికీ తెలుసు.

"ఇంతకీ లోతెంత అక్కడ?" అన్నాడు పెద్దాయన.

"ఇరవై రెండడుగులు."

"గాలం మరీ అడుక్కి వదిలుంటావు. ఓ జానెడు పైకి లాగు."

ఆయన చెప్పినట్టే లాగాను. ఏమీ పడలేదు. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, రెండడుగుల వాలై పడిందని డెల్మర్ ఊరంతా చెప్పుకుంటున్నాడు.

తర్వాతి గురువారం సమావేశం లేదు. నోయెమీ నిజం సెలవు పెట్టి వాళ్లమ్మ దగ్గరికి ఎడారికి వెళ్లింది. నేను గుడిసెలో కాళ్లు చాపుకుని, గాలం వదిలి, ఇన్నేళ్లకు నా గురువారం నాకు దక్కిందని మురిసిపోతున్నాను. ఫోను గుర్రుమంది. స్టెనర్సన్ గారి సందేశం.

"ఏమైనా పడిందా?"

సరే, చూద్దాంలే అని ఊరుకున్నాను. నిమిషం గడిచింది. "ఎర ఏం వాడుతున్నావు?" ఇంకో నిమిషానికి, "జవాబు లేదేంటి?" వెంటనే ఫోను మోగింది.

నాకు ఒళ్లు మండిపోయింది. మనిషి రూలు తీసేశాడు గానీ రెండు నిమిషాలు ఓపిక పట్టలేకపోయాడు! ఇరవై ఆరేళ్ల సర్వీసులో మొదటిసారి పెద్దాయనను కడిగేద్దామని ఫోను ఎత్తాను.

"ఆఁ మార్లిస్, నేనే. ఏం లేదు, ఊరికే..." అంటున్నాడు. ఆయన వెనక ఏ చప్పుడూ లేదు. గాలి లేదు, మనుషులు లేరు. ఆయన కూర్చునేదీ ఆ ముప్పై ఒకటో అంతస్తులోనే, అక్కడ కిటికీలు తెరుచుకోవని నోయెమీ చెప్పింది.

అంతలో సరస్సు ఉరిమింది. నా కాళ్ల కింద మొదలై అవతలి ఒడ్డు దాకా సాగింది. ఆయన మాట మధ్యలో ఆగిపోయింది.

నేను తిట్టలేదు. కన్నం పక్కన బకెట్టు బోర్లించి, దాని మీద ఫోను పెట్టి, మైకు తెరిచే ఉంచి, కాఫీ వంచుకున్నాను. మధ్యాహ్నం పన్నెండు దాకా నా పేరు పక్కన చుక్క పచ్చగా వెలుగుతూనే ఉంది. ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు.